నాలుగు చోట్ల పేరు

కవరు శనివారం పొద్దున వచ్చింది. అప్పటికి కోదండరామయ్య కొట్టు ముందు కలిగిరి నుంచి వచ్చిన మిరపకాయల బస్తా మూతి విప్పించి, మోచేతిదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు కాయలు పైకి తీసి చూస్తున్నాడు. ఆయన ఏ బస్తానూ పైపైన చూసి ఒప్పుకున్న పాపాన పోలేదు. ఆయన కొడుకు మల్లికార్జునం మాత్రం కవరు మీద యూనివర్సిటీ ముద్ర చూసీ చూడగానే, లోపలేముందో తెలియకుండానే సగం చచ్చాడు.

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చి నెల దాటింది. పాసైన వాళ్ళలో అతని నంబరు లేదు. ఫెయిలైనట్టూ ఎవరూ చెప్పలేదు. కాలేజీకి రాస్తే ఫలితం ఆపి ఉంచారని ఒక ముక్క జవాబు వచ్చింది. ఆ ఒక్క ముక్కతోనే నెల రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. ఇప్పుడు ఈ కవరు.

గోదాములోకి పోయి వేరుశనగ బస్తాల చాటున నిలబడి మూడుసార్లు చదివాడు. మొదటిసారి అక్షరాలే కనిపించాయి. రెండోసారి అర్థమైంది. మూడోసారి బస్తా మీద కూలబడ్డాడు. అందులో ఉన్నదిది: ఇంగ్లీషు పరీక్షలో నువ్వు రాసిన వ్యాసమూ, నీ ముందు నంబరు కొండలయ్య రాసిన వ్యాసమూ ఆరంభం నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మాటలతో ఉన్నాయి. ఒకరిది చూసి ఒకరు రాశారని ఎందుకు అనుకోకూడదో ఇంగ్లీషులో రాసి పంపాలి. విచారణాధికారి రామనారాయణ గారు సెలవు మీద కలువాయిలో ఉన్నారు గనక సమాధానం అక్కడికే చేరాలి. వచ్చే శుక్రవారం ఉదయం ఆత్మకూరు ట్రావెలర్స్ బంగళాలో ఇద్దరూ ఆయన ముందు హాజరు కావాలి. తప్పు రుజువైతే ఈ పరీక్ష రద్దు. ఆపైన రెండేళ్ళు ఏ పరీక్షకూ కూర్చోకూడదు.

చూసి రాయలేదు. ఆ మాట ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలడు. కానీ ఇద్దరి వ్యాసమూ ఒకటే ఎందుకైందో చెప్పడం మొదలుపెడితే, చెప్పేకొద్దీ దొంగతనం లాగే వినిపిస్తుందని అతనికి తెలుసు. ఇద్దరికీ ఇంగ్లీషంటే చెప్పలేనంత భయం. లెక్కలూ చరిత్రా ఎట్లాగో గట్టెక్కేవి. ఇంగ్లీషు కాగితం ముందుంటే చెయ్యి కదిలేది కాదు. అందుకే నిరుడు, కాలేజీలో తనతో చదివే కొండలయ్య సెలవులకు తన పల్లెకు వచ్చినప్పుడల్లా ఉదయగిరి బస్సెక్కి ఆత్మకూరు వచ్చేవాడు. ఈ గోదాములోనే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రాసుకునేవాళ్ళు. వ్యాసాల్లో ఒకటి ‘నేను చూసిన ఒక పల్లె పని’. పరీక్షలో సరిగ్గా అదే పడింది. పడగానే మల్లికార్జునం సంతోషించాడు కూడా. పరీక్షలో తను ఏం రాశాడో ఎంత గుర్తు తెచ్చుకున్నా కాగితం కనిపిస్తుంది, అక్షరాలు మాత్రం కనిపించవు.

ఆదివారం మధ్యాహ్నం కోదండరామయ్య సిద్ధయ్యను వెంటబెట్టుకు వచ్చాడు. సిద్ధయ్య తాలూకా కచ్చేరి వరండాలో ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు అర్జీలు రాస్తున్నాడు. గట్టు తగాదాలకైనా, గడ్డివాము తగలబడినా, గుడి పూజారి మీద ఫిర్యాదుకైనా ఆ చెయ్యి పడనిదే ఆ తాలూకాలో కాగితం కదలదు. ఆయన మజ్జిగ తాగి, కళ్ళజోడు పెట్టుకుని, కవరు చదివి రెండే ప్రశ్నలు వేశాడు.

“ముందు కూర్చున్నది ఎవరబ్బాయా?”

“కొండలయ్యండి. నేను వెనక.”

“అది ఇబ్బందే. సరే, అతను వెనక్కి తిరిగి నీది చూసినాడని రాద్దాం.”

“తిరగలేదండి.”

“నువ్వు తలొంచుకొని రాస్తా ఉంటివి గదా. తిరిగినాడో లేదో నీకేం తెలుసు?”

మల్లికార్జునం తండ్రి వైపు చూశాడు. “నాయనా, మేమిద్దరం కలిసి చదివినాం. అందుకని అట్లా వచ్చింది.”

“ఆ మాట ఇంకో చోట అనబాకు,” అన్నాడు కోదండరామయ్య. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే ఇంట్లో వాళ్ళకు ఎక్కువ భయం. “కలిసి చదివినామంటే కలిసి కాపీ కొట్టినామని ఒప్పుకున్నట్టే. వాడికేమిరా, చదువు పోతే గొర్రెల మంద ఉండాది. నీకు రెండేండ్లు పోతే ఇంక నువ్వు చదివేదీ లేదు, నేను చదివించేదీ లేదు. ఈ మిరపకాయల ఘాటులో దగ్గుతా కూచుంటావు నా మాదిరి.”

సిద్ధయ్య అరగంటలో మూడు పుటలు రాసి పడేశాడు. మల్లికార్జునం దాన్ని తన దస్తూరీతో మంచి కాగితం మీద ఎత్తి రాశాడు. అందులో తొమ్మిది మాటలకు అతనికి అర్థం తెలియదు. తెలిసిన మాటలను చేతితో రాస్తూ కళ్ళతో చూడకుండా ఉండాలని ప్రయత్నించాడు. అది కుదిరే పని కాదు, అయినా చాలావరకు కుదిరింది. అడుగున సంతకం పెట్టాడు. సోమవారం కోదండరామయ్యే పోస్టాఫీసుకు పోయి కలువాయికి రిజిస్టరు చేయించి వచ్చాడు. నిజం చెప్పాలంటే, రసీదు చూడగానే మల్లికార్జునానికి హాయిగానే అనిపించింది. ఆ పూట నెల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

మంగళవారం పదకొండింటికి ఉదయగిరి బస్సు దిగి కొండలయ్య కొట్టు ముందు నిలబడ్డాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో సద్దిమూట, కాళ్ళకు చీలమండలదాకా దుమ్ము. ఉదయగిరి కొండ కింద వాళ్ళ పల్లె నుంచి బస్సు ఆగే చోటికి ఆరు మైళ్ళ నడక. కోదండరామయ్య అతన్ని చూసి, కొడుకును చూసి, పసుపుకొమ్ముల గంప వైపు తిరిగాడు.

“బాగుండారా శెట్టిగారూ,” అన్నాడు కొండలయ్య.

“ఆఁ. గోదాములో కూచోండి పోండి,” అన్నాడాయన గంపతో చెబుతున్నట్టు.

కొండలయ్య ఎప్పుడూ కూర్చునే చోటే, తలుపు వెలుతురు పడే బస్తా మీద కూర్చున్నాడు. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అతనూ భయపడుతున్నాడు. కానీ అతని భయం మొహంలో ఉంది, దాచుకునే పని లేదు.

“నాకు శనివారం వచ్చిందిరా. మా పల్లెలో ఇంగ్లీషు చదివేవాడు ఇంకొకడు లేడు. నేనే చదువుకొని, నేనే భయపడినాను. మా నాయనకు ఇంకా చెప్పలా.” చేత్తో కాగితం సాపు చేశాడు. “ఇద్దరం కలిసి రాస్తే మళ్ళీ ఒకటే మాదిరి ఉంటాది, అది ఇంకా ముప్పు. అందుకని ఇంటికాడే రాసుకొచ్చినాను. నువ్వు ఒక్క మాట కూడా అందియ్యబాక. మామూలుగా చదువు. తెలియని చోట ఆగు. అంతే.”

ఆ మామూలు కొండలయ్య పెట్టిందే. వాళ్ళ నాయన ఆదెయ్య మందను దొడ్డి నుంచి వదిలే తీరు చూసి పెట్టాడు. తెల్లవారుతూనే ఆదెయ్య తడకను మూరెడు పక్కకు జరిపి ఆ సందులో మోకాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు. గొర్రెలన్నీ ఒక్కసారి పోవడానికి లేదు. ఒక్కొక్కటే ఆయన మోకాలు రాసుకుంటూ పోవాలి, ప్రతిదాని వీపు మీదా ఆయన చెయ్యి పడాలి. ఇరవై దాటినప్పుడల్లా ఒక గులకరాయి ఒళ్ళో పడుతుంది. కుంటేది కనబడితే పక్కకు తోస్తాడు. వ్యాసాలూ అట్లాగే చదవాలన్నాడు కొండలయ్య. ఒకరు రాసింది ఇంకొకరు పైకి చదవాలి, ఒక్కొక్క వాక్యమే. తెలియకపోతే ఆగాలి. దిద్దకూడదు. ‘ఇదేంది, తెలుగులో చెప్పు’ అని అడగాలి. రాసినవాడు చెప్పాలి. ‘నువ్వు చెప్పాలనుకున్నది ఇదేనా’ అని రెండోసారి అడగాలి. అవునంటే, ‘అయితే అదే రాయి’ అనాలి. ఆపైన ఎంతసేపైనా సరే, రాసినవాడే వెతుక్కోవాలి. ఇట్లా వెతుక్కుని వెతుక్కుని వాళ్ళు ఏడాదిలో పద్నాలుగు వ్యాసాలు రాశారు. ‘పల్లె పని’ కింద రాసిన ఆ గొర్రెల లెక్క వ్యాసమైతే పదకొండుసార్లు తిరగరాశారు. దాని ప్రతి మాటా ఇద్దరి నాలుకల మీదా ఉండేది.

మల్లికార్జునం కొండలయ్య కాగితం అందుకుని చదివాడు. చిన్న చిన్న వాక్యాలు. నాకు ఇంగ్లీషు అంటే భయం. మల్లికార్జునానికి కూడా భయం. ఇద్దరమూ భయస్తులం కాబట్టి కలిసి కూర్చున్నాం. గొర్రెల సంగతి నాది. మాటలు ఇద్దరివీ. మల్లికార్జునం మంచివాడు. వాళ్ళ గోదాములో నాకు చోటిచ్చాడు. మల్లికార్జునం అబద్ధం ఆడడు. ఆ వాక్యం దగ్గర దగ్గి, చదివాడు. మల్లికార్జునం నాకు ఇంగ్లీషు ఇవ్వలేదు, నాకు దొరికేదాకా అడిగాడు.

“ఎక్కడా ఆగలేదేందిరా?” అన్నాడు కొండలయ్య. “తప్పులు లేకుండా ఉంటాయా?”

“అంతా తెలుస్తా ఉండాది.”

“అయితే పర్వాలేదంటావా.” మూడు రోజుల్లో మొదటిసారేమో, అతను గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. “నువ్వూ రాసుంటావు గదా. తే, నేను చదువుతా.”

“నాది మంచి కాగితం మీద రాసి... ఇప్పుడు లేదు.”

“చిత్తు ఉంటాది గదా.”

చిత్తు మల్లికార్జునం చొక్కా జేబులోనే ఉంది. సిద్ధయ్య రాసిన ఆ మూడు పుటలూ ఎక్కడ పెట్టినా ఎవరికైనా దొరుకుతాయేమోనని రెండు రోజులుగా వంటిమీదే పెట్టుకు తిరుగుతున్నాడు. లేదనవచ్చు. అనబోయాడు. అప్పటికే చెయ్యి జేబు మీదికి పోయింది, కొండలయ్య అది చూశాడు. అది తన దస్తూరీ కాదని తెలిసిపోతుందని, “నేనే చదువుతా, నువ్వు విను,” అన్నాడు మల్లికార్జునం.

మొదటి వాక్యం పూర్తికాకముందే కొండలయ్య చెయ్యెత్తాడు. “తెలుగులో చెప్పు.”

“తమరి పాదాల సన్నిధిన మిక్కిలి వినయంగా మనవి చేసుకుంటున్నానని.”

“సరే, పోనీ.”

రెండో వాక్యం, మూడో వాక్యం. మూడో దాంట్లో కామాలే ఏడున్నాయి. కొండలయ్య కనుబొమలు ముడిచి వింటున్నాడు. “దీంట్లో ఎవరో మనిషి ఉండాడు. ఎవరు?”

“మునుపు చెప్పిన ఆ వ్యక్తి అని.”

“అదే, ఎవరని?”

బయట కొట్లో కోదండరామయ్య ఎవరితోనో ధర మాట్లాడుతున్నాడు. గోదాములో ఎలుక ఏదో బస్తా కింద గీరుతోంది. మల్లికార్జునం కాగితం వైపే చూస్తున్నాడు. అబద్ధం చెప్పడానికి తెలుగులో అతనికి మాట దొరకలేదు. ఇంగ్లీషులో అయితే మూడు పుటలు సిద్ధంగా ఉన్నాయి.

“నువ్వు,” అన్నాడు.

“నేనేం చేసినానని?”

“పరీక్షలో నువ్వు వెనక్కి తిరిగి నా పేపరు చూసి రాసినావని.”

కొండలయ్య చాపిన కాళ్ళు మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు. కింద పడి ఉన్న వేరుశనక్కాయ ఒకటి తీసి, వలవకుండా అటూ ఇటూ తిప్పాడు. తిట్టి ఉంటే మల్లికార్జునానికి ఎంతో నయంగా ఉండేది. అతను తిట్టలేదు. తరువాత అడగవలసింది అడిగాడు, ఎప్పుడూ అడిగినట్టే.

“నువ్వు చెప్పాలనుకున్నది ఇదేనా?”

“మా నాయన సిద్ధయ్య గారిని...”

“మీ నాయన్ని అడగలేదు. నువ్వు చెప్పాలనుకున్నది ఇదేనా?”

మల్లికార్జునం తల అడ్డంగా తిప్పాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పశ్చాత్తాపం నీళ్ళో భయం నీళ్ళో అతనికే తెలియదు.

“పంపేసినారా?”

“నిన్ననే. రిజిస్టరు.”

కొండలయ్య లేచి తలుపు దాకా పోయి, మళ్ళీ వచ్చాడు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా ఉన్నాడు. “పరీక్షలో ఆ వ్యాసం ఎట్లా మొదలుపెట్టినావు?”

“మనం రాసుకున్నట్టే.”

“మనం రాసుకున్నట్టంటే, ఎట్లా? మొదటి వాక్యం చెప్పు.”

చెప్పబోయి ఆగిపోయాడు మల్లికార్జునం. శనివారం నుంచీ ఎంత పిలిచినా రాని ఆ కాగితం ఇప్పుడు కళ్ళముందుకు వచ్చి నిలబడింది, అక్షరం అక్షరం కనిపించేలా. ‘మా నాయన రోజూ పొద్దున గొర్రెలను లెక్కపెడతాడు.’ వచ్చింది వచ్చినట్టు, ఆగితే మరిచిపోతానేమోనని ఊపిరి తీయకుండా రాసుకుంటూ పోయిన వ్యాసం. చివరి వాక్యం దాకా అదే. ‘ఒక రోజు ఒక గొర్రె తక్కువైంది, ఆ రోజు మా నాయన అన్నం తినలేదు.’

“మా నాయన అనే రాసినాను,” అన్నాడు.

కొండలయ్యకు సంగతి అర్థమైంది. పసుపూ మిరపకాయలూ అమ్మే కోదండరామయ్య గొర్రెలు కాసినట్టు కొడుకు రాసి పెట్టాడు. పైగా ఆ కొడుకే, ఆదెయ్య కొడుకు తనది చూసి రాశాడని రిజిస్టరు పోస్టులో సంతకం పెట్టి పంపాడు.

“ఇంకేముంది. వాళ్ళు పట్టుకునేది నిన్ను,” అన్నాడు కొండలయ్య. అందులో సంతోషం లేదు. “నన్నేం అడుగుతారు? మీ నాయన ఏం చేస్తాడ్రా అంటే గొర్రెలు కాస్తాడంటాను. అయిపోయింది నా విచారణ.”

తన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. సద్దిమూట విప్పనేలేదు, అది కూడా సంచిలో వేసుకున్నాడు. “దీన్ని రేపు ఉదయగిరిలో పోస్టు చెయ్యాల. ఇందులో నాలుగు చోట్ల నీ పేరుండాది.”

“తీసేస్తావా?”

“బస్సులో ఆలోచిస్తా,” అని కొట్టు ముందునుంచి కాక పెరటి తలుపు గుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి మూడు రోజులూ మల్లికార్జునం పడ్డ భయం ఇంకొకరికి వద్దు. అంతకుముందు యూనివర్సిటీ అన్నా, తండ్రి అన్నా భయం. అవి రెండూ బయటి నుంచి వచ్చే భయాలు. ఇప్పుడు కొండలయ్య అంటే భయం పట్టుకుంది. కొండలయ్య ఏమీ చెయ్యనక్కర్లేదు. నాలుగు చోట్ల ఒక పేరు కొట్టేస్తే చాలు. అది తప్పు కూడా కాదు. తను చేసినదాని ముందు అది ఏపాటి. అతని స్థానంలో తనుంటే బస్సు కదలకముందే కొట్టేసి ఉండేవాడు. ఆ సంగతి తెలిసే ఇంత భయం.

తండ్రికి చెప్పాలని బుధవారం రెండుసార్లు కొట్లోకి పోయాడు. మొదటిసారి కొండాపురం బేరగాడున్నాడు. రెండోసారి ఎవరూ లేరు, అయినా చెప్పలేకపోయాడు. గురువారం గోదాములో కూర్చుని కాగితం తీశాడు. ఒకటి రాశాడు, చించాడు. ఇంకొకటి రాశాడు. తనే పైకి చదివి, తనే ఆగి, ‘తెలుగులో చెప్పు’ అని తననే అడిగి చూశాడు. తల్లి పద్మావతమ్మ పెరట్లోంచి విని గబగబా వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

“ఎవరితోరా మాటలు? జొరమేమైనా తగిలిందా?”

“చదువుకుంటా ఉండాను లేమ్మా.”

“బస్తాలకు చెబుతా ఉండావా చదువు,” అని ఆమె నవ్వబోయి, కొడుకు మొహం చూసి మానేసింది.

సాయంత్రానికి ఒక పుట తేలింది. సిద్ధయ్య గారి కాగితం నాది కాదు. కొండలయ్య వెనక్కి తిరగలేదు. మేం కలిసి రాసుకున్నాం, ఇట్లా రాసుకున్నాం. అంతవరకూ వచ్చింది. ‘మా నాయన’ అని ఎందుకు రాశాడో చెప్పవలసిన వాక్యం మాత్రం రాలేదు. ఏడు రకాలుగా రాశాడు. ఏడూ కుంటుతూనే ఉన్నాయి. ఆగి అడిగేవాడు లేక, ఆఖరిది అట్లాగే వదిలేశాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కోదండరామయ్య చలవ పంచె కట్టి, నుదుట గంధం పెట్టి, జరీ కండువా వేసుకుని కొడుకును బంగళాకు తీసుకుపోయాడు. కొండలయ్య అప్పటికే వరండా మెట్ల మీద ఉన్నాడు. లేచి శెట్టిగారికి నమస్కారం పెట్టాడు, మల్లికార్జునం వైపు చూడలేదు. బంట్రోతు వచ్చి కుర్రవాళ్ళిద్దరినీ లోపలికి రమ్మన్నాడు. తలుపు తెరిచే ఉంది, కోదండరామయ్య వరండా కుర్చీలో అంచున కూర్చున్నాడు.

రామనారాయణ గారు బక్కపలచని మనిషి. బల్ల మీద ఫైలు, పక్కన కాఫీ గ్లాసు. ముందు కొండలయ్యను అడిగారు, తెలుగులోనే.

“మీ నాన్నగారు ఏం చేస్తారు?”

“గొర్రెలు కాస్తాడు సార్.”

“మరి మీ నాన్నగారు?”

మల్లికార్జునం తలుపు వైపు చూశాడు. రామనారాయణ గారు తలుపులోంచి వరండాలోకి చూశారు. గంధం బొట్టూ, జరీ కండువా, పసుపు అంటిన గోళ్ళూ ఒక్కసారి చూసి మళ్ళీ ఫైలు వైపు తిరిగారు.

“ఇది నువ్వు పంపింది.” సిద్ధయ్య మాటల మూడు పుటలూ బల్ల మీద పెట్టారు. “ఇక్కడ చివర, కొండలయ్య వల్ల నీ ప్రాణానికీ, నీ సర్వే నంబరులోని మెట్ట భూమికీ అపాయం ఉంది కాబట్టి రక్షణ కల్పించమన్నావు. ఏ భూమి?”

కొండలయ్య ఒక్కసారి తల తిప్పి చూశాడు. మల్లికార్జునానికి నవ్వు రావలసిన చోటే, కానీ రాలేదు. అర్థం తెలియని ఆ తొమ్మిది మాటల్లో తను ఇది కూడా ఎత్తి రాశాడన్నమాట.

“మా పెదనాన్నగారిది కలువాయే, ఇక్కడి కచ్చేరి అర్జీలు ఆయన ఇంట్లో చూసేవాణ్ణి,” అన్నారు రామనారాయణ గారు. “ఈ అర్జీ ఇంగ్లీషు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గట్టు తగాదాకైనా ఇవే వాక్యాలు. కాపీ కొట్టలేదని చెప్పడానికి కాపీ కాగితం పంపావు. రెండేళ్ళు నిలిపెయ్యాలని రాయడానికి నాకు ఇది చాలు.”

మల్లికార్జునం జేబులోంచి తన పుట తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టినట్టు అతనికే తెలియలేదు, చెయ్యి పెట్టింది. “ఇది నాది సార్. అది నాది గాదు.”

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చదవసాగారు, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క వాక్యమే. కాఫీ చల్లారిపోతోంది. చివరికి వచ్చి ఆగారు. వెనక్కి పోయి మళ్ళీ చదివారు. వేలు ఆ వాక్యం మీద పెట్టారు.

“ఇక్కడ నాకేమీ తెలియలేదు. నువ్వు చెప్పదలుచుకున్నదేమిటి? తెలుగులో చెప్పు.”

కొండలయ్య చూపు ఎత్తాడు. మంగళవారం తర్వాత ఇద్దరి కళ్ళూ కలిసింది అప్పుడే.

“భయం సార్,” అన్నాడు మల్లికార్జునం. “ఆ వ్యాసంలో గొర్రెలు వాళ్ళవి. లెక్క వాళ్ళ నాయనది. నేను ఒక్కరోజు కూడా చూడలా. పదకొండుసార్లు ఇద్దరం కలిసి రాసినాం, అందుకని నోటికొచ్చింది. మా నాయన అనేది తీసేసి వాళ్ళ నాయన అని పెట్టాలని తెలుసు. పెడితే తక్కిన మాటలన్నీ పోతాయేమోనని భయం. ఇంగ్లీషులో నాకు అదొక్క నాయనే దొరికినాడు.” వరండాలో కుర్చీ కిర్రుమంది. అతను ఆగలేదు. “వాడు వెనక్కి తిరగలా. పోస్టులో పోయిన కాగితంలో నేను అబద్ధం ఆడినాను. అది కూడా భయంతోనే.”

“నువ్వు చెప్పదలుచుకున్నది ఇదేనా?”

“అవును సార్.”

“అయితే అదే రాయి,” అని రామనారాయణ గారు కలం అతని వైపు జరిపారు. ఆ మాట ఆ కుర్రవాళ్ళిద్దరికీ ఎంత పాతదో ఆయనకు తెలియదు.

మల్లికార్జునం నిలబడే, బల్ల మీద వంగి రాశాడు. పావుగంట పట్టింది. ఒక మాట దగ్గర కలం ఆగిపోయింది. ఆ మాట కొండలయ్యకు తెలుసు, పెదవి కదిలింది కూడా. అందించలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆ మాట మల్లికార్జునానికే దొరికింది.

ఆయన చదివారు. సిద్ధయ్య పుటలను విడిగా మడిచి మల్లికార్జునం చేతిలో పెట్టి, తక్కినవి ఫైల్లో పెట్టుకున్నారు. “నేను రాయవలసింది రాస్తాను. పదిహేను రోజుల్లో ఫలితాలు వస్తాయి. తప్పారా, మీ ఇంగ్లీషు వల్ల తప్పుతారు గానీ దొంగతనం వల్ల కాదు.” చల్లారిన కాఫీ తాగి, ఇంక పొమ్మన్నట్టు తల ఊపారు.

బయటికి వచ్చేసరికి కోదండరామయ్య లేచి నిలబడి ఉన్నాడు. లోపలి మాటలన్నీ విన్నాడు. కొడుకు చేతిలో ఉన్న మూడు పుటలు తీసుకుని కండువా కొంగులో కట్టుకున్నాడు. మెట్లు దిగి, వెనక్కి తిరిగి కొండలయ్యను అడిగాడు.

“ఆ పూట మీ నాయన నిజంగానే తినలేదా?”

“రెండు పూటలు తినలేదండి. వ్యాసంలో ఒకటే రాసినాం.”

కోదండరామయ్య తల ఊపి ముందుకు నడిచాడు. మధ్యాహ్నం బస్సుకు ఇంకా వేళ ఉంది. కొండలయ్యా మల్లికార్జునమూ ఆయన వెనక కొంత ఎడంగా, ఒకరికొకరు కూడా కొంత ఎడంగా నడిచారు. బస్సు ఆగే చోటికి వచ్చాక మల్లికార్జునం అడిగాడు. మూడు రోజుల నుంచీ గొంతులో ఉన్న ప్రశ్న.

“పేర్లు తీసేసినావా?”

“మూడు తీసేసినాను.”

“ఇంకొకటి?”

“ఉంచినాను. నాకు దొరికేదాకా అడిగినాడని ఉండాదే, అది.” కొండలయ్య సంచి భుజం మార్చుకున్నాడు. “ఆ మూడూ నేను అనుకున్నవి. ఇది జరిగింది.”

బస్సు వచ్చింది. అతను ఎక్కి, మల్లికార్జునం ఉన్న వైపు కాక అటువైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.